పాత ట్రాలీకి మూడు మీటర్లు



మానుకోట నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే పాత బొలెరో ట్రాలీలో కూర్చుని ఒకసారి తాళంచెవి తిప్పి చూడండి. ఇంజను మాత్రం అప్పుడే స్టార్ట్ చేయకండి. మీటర్ బోర్డులో ఎర్ర లైట్లు వెలుగుతాయి. ఒకదాని మీద కొసన చుక్క కారుతున్న నూనె డబ్బా బొమ్మ, ఇంకోదాని మీద బ్యాటరీ బొమ్మ ఉంటాయి. కొన్ని పాత బండ్లలో ఇంజను వేడికి కూడా లైటే తప్ప ముల్లు ఉండదు. ఇంజను అందుకోగానే ఇవన్నీ ఆరిపోతాయి, డ్రైవర్ నిశ్చింతగా గేరు వేస్తాడు. లైటు ఆరితే బండి బాగున్నట్టేనా? ఈ పూట ఆ సంగతి మాట్లాడుకుందాం. ఆ లైట్లకు తోడుగా ముల్లున్న మీటర్లు బిగించుకోవాలనుకునే వాళ్లకు నాకు తెలిసిన నాలుగు మాటలు కూడా చెబుతాను.

ముందు ఆయిల్ లైటు. దానికి తెలిసింది చాలా తక్కువ. ఇంజను బ్లాకుకు ఒక చిన్న స్విచ్ బిగించి ఉంటుంది. దాని లోపల పలుచటి పొర, వెనక ఒక స్ప్రింగు. ఆయిల్ ఒత్తిడి సగం కిలోకు అటూ ఇటూ ఉండే ఒక హద్దు కంటే తగ్గితే స్ప్రింగుది పైచేయి అవుతుంది, వైరు ఎర్త్‌కు కలుస్తుంది, లైటు వెలుగుతుంది. ఆ హద్దు దాటి ఎంత ఉన్నా లైటు ఆరే ఉంటుంది. కిలో అని ఎందుకన్నానంటే మన దగ్గర దొరికే మీటర్ల మీద ఆ లెక్కే రాసి ఉంటుంది. ఒక కిలో అన్నా ఒక బార్ అన్నా మన పనికి దాదాపు ఒకటే. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజను వేడెక్కి రోడ్డు మీద సాగిపోతున్నప్పుడు సాధారణంగా మూడు నాలుగు కిలోల ఒత్తిడి ఉండాలి. ఆ నాలుగు మూడై, మూడు రెండై, నిండు లోడు మీద ఒకటికి దిగినా లైటు కిక్కురుమనదు. బేరింగులు అరగొచ్చు, డీజిల్ కలిసి ఆయిల్ పలచబడొచ్చు, చాంబర్ అడుగున జాలీకి మడ్డి పట్టొచ్చు. నెలల తరబడి జరిగే ఈ అరుగుదలంతా స్విచ్‌కు కనబడదు. చివరికి సగం కిలో దగ్గర లైటు వెలిగేసరికి క్రాంకు మీద గీతలు పడి ఉంటాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

జనగామ బైపాస్ పక్కన వర్క్‌షాపుల్లో ఈ సంభాషణ కొత్తది కాదు. ఇంజను దింపి బల్ల మీద పెట్టి ఉంటుంది. బండాయన అడుగుతాడు: "లైటే వెలగలే గదన్నా, మరి ఇంజను ఎట్ల పట్టేసింది?" మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ అంటాడు: "లైటు వెలిగినంక ఇంజను మిగుల్తదా తమ్మీ?" మోటుగా ఉన్నా ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

మరి కంపెనీలు మీటర్లు ఎందుకు తీసేశాయి? ఒకప్పుడు చాలా బండ్లలో మీటర్లే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు డాష్‌బోర్డు మీద అయిదు గుండ్రటి మీటర్లుండేవి. వేగానికి ఒకటి, పెట్రోలుకు ఒకటి, ఆయిల్ ఒత్తిడికి, నీటి వేడికి, కరెంటుకు తలా ఒకటి. మన దేశంలో మహీంద్రా వాళ్లు బిగించి అమ్మిన తొలి జీపులు ఆ వంశానివే. కానీ అంతకు ముందే, 1930లలోనే, అమెరికాలో హడ్సన్ అనే కార్ల కంపెనీ ఆయిల్ మీటరు, ఛార్జింగ్ మీటరు తీసి వాటి చోట ఎర్ర లైట్లు పెట్టింది. ఒక స్విచ్, ఒక వైరు, ఒక బల్బుతో పని అయిపోతుంది, ఖర్చు కలిసొస్తుంది. మిగతా కంపెనీలూ మెల్లమెల్లగా అదే దారి పట్టాయి. మన పికప్పుల కాలం వచ్చేసరికి, అంటే 1988లో టాటా మొబైల్, ఆ తర్వాత టాటా 207, 2000 తర్వాత బొలెరో పికప్పులు, 2005లో టాటా ఏస్ వచ్చేనాటికి, ఆయిల్‌కూ ఛార్జింగ్‌కూ లైటు పెట్టడమే మామూలైపోయింది. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ బండి నడిపిన పెద్దలు ఎవరైనా వింటుంటే, ఆ బండి బోర్డు మీద ఏమేం ఉండేవో పిల్లలకు చెప్పండి. మన గడ్డ మీద తయారైన ఆ బండి ముచ్చట ఇప్పటి డ్రైవర్లలో చాలామందికి తెలియదు.

లైటు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. బండి నడిపేవాడి చూపు రోడ్డు మీద ఉండాలి, ముల్లు మీద కాదు. ముల్లు ఎంత పడిపోయినా అటు చూడని డ్రైవర్‌కు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎర్ర లైటు మాత్రం కంటి కొసకైనా తగులుతుంది. అందుకే నేను లైటు పీకేసి మీటరు పెట్టమని చెప్పను. లైటు ఉండాల్సిందే, పక్కన మీటరు రావాలి. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలాంటి చోట, 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి యూనిట్లు నడిచే చోట, కంట్రోల్ రూములో కొలతలూ ఉంటాయి, హద్దు దాటితే మోగే అలారాలూ ఉంటాయి. ఒకటుంది కదా అని రెండోది తీసేయరు. బొగ్గు గనిలో తిరిగే డంపర్ల దగ్గరా అంతే. మన ట్రాలీకి ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

ఆయిల్‌కు, వేడికి, ఛార్జింగ్‌కు పెట్టే మూడు మీటర్లలో ముందు ఏది? డబ్బు ఒకదానికే ఉంటే హీట్ మీటరు బిగించండి. మానుకోట, జనగామ, భూపాలపల్లి, మన మూడు జిల్లాల ఎండల సంగతి తెలిసిందే. భూపాలపల్లి బొగ్గు పట్టీలో మే నెలలో పగటి వేడి నలభై అయిదు డిగ్రీల దాకా పోతుంది. దానికి తోడు బొగ్గు దుమ్ము రేడియేటర్ రెక్కల మధ్య పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే రేడియేటర్ శుభ్రంగానే ఉన్నట్టుంటుంది, దుమ్ము లోపలి వరసల్లో ఉంటుంది. మిర్చి మోసే మానుకోట బండ్లకు ఇబ్బంది ఇంకో రకం. బస్తా తేలికే కాబట్టి ఎత్తుగా పేర్చి కడతారు, గాలి గట్టిగా అడ్డుకుంటుంది, బండి మూడో గేరులో మూలుగుతూ పోతుంది. జనగామ వాళ్లకు హైదరాబాద్–వరంగల్ రహదారి, 163 నంబరుది, నున్నగా ఉంది. అక్కడ ప్రమాదం వేగంతోనే, గంటల తరబడి తొక్కిన యాక్సిలరేటర్ తీయరు.

మా బండికి హీట్ ముల్లు ముందే ఉంది అంటారా? ఉన్నా పూర్తిగా నమ్మొద్దు. కంపెనీ నుంచి వచ్చే ముల్లు చాలా బండ్లలో కావాలనే మందకొడిగా పెట్టి ఉంటుంది. డెబ్భై అయిదు, ఎనభై డిగ్రీలకు నడిమికి వచ్చి, నూరు దాటినా అక్కడే కదలకుండా నిలబడుతుంది. ముల్లు కాస్త ఊగితే చాలు బండాయన షోరూముకు పరుగెత్తుకొస్తాడు, ఆ పోరు తప్పించుకోవడానికి అలా చేస్తారు. పైగా దాని మీద సి, హెచ్ అనే రెండక్షరాలే తప్ప అంకెలుండవు. మనం బిగించేది అంకెలున్నది కావాలి, 40 నుంచి 120 డిగ్రీల దాకా.

అంకెలు ఎందుకు కావాలో ఒక లెక్క చెబుతాను. మామూలు నీళ్లు నూరు డిగ్రీలకు మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు వాచరు ఎండి పగిలితే ఆ లాభమంతా పోయి మళ్లీ నూరు దగ్గరికే వస్తాం. థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకునే బండిలో రోడ్డు మీద ముల్లు 85, 90 మధ్య ఉండాలి. ఉగాది నాటికి అది 95కు, తర్వాతి నెల 98కి వచ్చిందంటే రేడియేటర్ పూడుతోందని, లేదా ఫ్యాన్ బెల్టు వదులైందని ముందే తెలిసినట్టు. హెడ్ గాస్కెట్ పోకముందే, వర్క్‌షాపు ఖర్చు రాకముందే తెలుస్తుంది. లైటు మాత్రమే ఉన్న బండికి ఆ 98 సంగతి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు బిగించే పని. ఆయిల్ మీటరు గురించే ఎక్కువ చెబుతాను, తప్పులు జరిగేది అక్కడే.

ఆయిల్ మీటర్లు రెండు రకాలు. ఒకటి పాత పద్ధతిది. ఇంజను నుంచి సన్నటి గొట్టంలో ఆయిలే స్వయంగా క్యాబిన్‌లోకి వచ్చి మీటరు వెనక ఉండే వంపు తిరిగిన చదును గొట్టాన్ని నింపుతుంది. ఒత్తిడి పెరిగితే ఆ వంపు కొంచెం విచ్చుకుంటుంది, దాని కొసకు కట్టిన పళ్లచక్రం ముల్లును తిప్పుతుంది. యూజీన్ బోర్డన్ అనే ఫ్రెంచి ఆయన 1849లో పేటెంటు తీసుకున్న ఏర్పాటిది, గ్యాసు సిలిండర్ల మీద, బాయిలర్ల మీద ఈ రోజుకీ అదే పనిచేస్తోంది.  ఈ రకం మీటరుకు కరెంటుతో పని లేదు, చూపే అంకె కూడా నికరంగా ఉంటుంది. కానీ ఇరుకు క్యాబిన్‌లో కాళ్ల దగ్గర నుంచి పోయే ఆ సన్న పైపు రేకు అంచుకు రాసుకుని ఎప్పుడో ఒకనాడు తెగిందంటే కాగుతున్న ఆయిల్ మోకాళ్ల మీద పడుతుంది. కిరాయి బండికి నేను దాన్ని సిఫారసు చేయను. రెండో రకం కరెంటుది. ఇంజను దగ్గర ఒక సెండర్, అక్కడి నుంచి మీటరుకు వైరు మాత్రమే వస్తుంది. అది తీసుకోండి. కోయంబత్తూరులో 1975లో మొదలైన ప్రికాల్ లాంటి మన దేశపు కంపెనీలవే దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త, సెండరూ మీటరూ జోడీగా ఒకే కంపెనీవి కొనాలి. సెండర్ ఒత్తిడిని నిరోధంగా మార్చి పంపుతుంది, ఒక్కో కంపెనీ లెక్క ఒక్కో తీరుగా ఉంటుంది. జోడీ తప్పితే ముల్లు కదులుతుంది కానీ అబద్ధం చెబుతుంది.

ఇంజను చల్లారాక పాత ఆయిల్ స్విచ్‌ను స్పానర్‌తో విప్పుతారు. నాలుగు చుక్కలు కారతాయి, కింద గుడ్డ వేస్తే సరి. ఆ రంధ్రంలో ఇత్తడి టీ నిపుల్ ఎక్కించాలి. టీకి ఒక చెవిలో పాత స్విచ్ మళ్లీ బిగుస్తుంది, రెండో చెవిలో కొత్త సెండర్. లైటు పోదు, మీటరు వస్తుంది. ఇక్కడే మూడు చోట్ల చెయ్యి జారుతుంది. త్రెడ్ కొలత చూడకుండా దొరికిన నిపుల్ పెట్టి బలంగా తిప్పితే బ్లాకు త్రెడ్ పోతుంది, ఆ మరమ్మతు మీటరు ఖరీదును మించిపోవచ్చు. లీకు కాకూడదని టెఫ్లాన్ టేపు చుట్ల మీద చుట్లు చుడితే సెండర్‌కు ఎర్త్ అందదు. చాలా సెండర్లకు ఎర్త్ వచ్చేది ఆ త్రెడ్ గుండానే కదా. ముల్లు గంతులేస్తుంటే మీటరు ఖరాబని దుకాణానికి తిరిగిచ్చేస్తారు, ఖరాబైంది మీటరు కాదు, టేపు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. సెండర్ డబ్బా బరువైనది, డీజిల్ ఇంజను వణుకు మామూలుది కాదు. టీ చివర వేలాడుతున్న ఆ బరువుకు ఇత్తడి నిపుల్ కొన్నాళ్లకు మొదట్లోనే చిట్లుతుంది. అది రోడ్డు మీద జరిగితే ఆయిలంతా బయటికి చిమ్మేస్తుంది. ఇంజను కాపాడటానికి పెట్టిన మీటరే ఇంజనును తినేస్తుంది. కాబట్టి ఆయిల్ ఒత్తిడికి ఆగే పొట్టి హోస్ పైపు ఒకటి వేసి, సెండర్‌ను పక్కన బాడీకి క్లాంపుతో బిగించండి, దానికి విడిగా ఎర్త్ వైరు ఇవ్వండి. కొంచెం పని ఎక్కువే. చేయించండి.

హీట్ మీటరు సెండర్‌ను చాలామంది రేడియేటర్ పై పైపును కోసి, మధ్యలో అల్యూమినియం ముక్క పెట్టి అందులో బిగిస్తారు. ఫరవాలేదు. కానీ రబ్బరు పైపు మధ్యలో ఉన్న ఆ ముక్కకు ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? దానికీ ఒక వైరు లాగాలి. మీటర్ల కరెంటు తాళంచెవి తిప్పితే వచ్చే లైను నుంచి, చిన్న ఫ్యూజు పెట్టి తీసుకోవాలి. రేకులో నుంచి వైరు పోయే ప్రతి రంధ్రానికి రబ్బరు బుష్ ఉండాలి. కంప్యూటర్ ఉన్న కొత్త బండ్లలో మాత్రం కంపెనీ సెన్సార్ వైరుకు ఇంకో వైరు కలపకండి. ఇక్కడ నేను చెబుతున్నదంతా పాత బండ్లకే.

ఇక ఛార్జింగ్. పాత జీపుల్లో ఉన్నట్టు యాంప్ మీటరే కావాలని పట్టుబట్టే పెద్దవాళ్లున్నారు. వాళ్ల మీద గౌరవంతోనే వద్దంటున్నాను. యాంప్ మీటరు పెడితే బండి కరెంటు చాలావరకు లావు వైర్ల మీద డాష్‌బోర్డు వెనకకు వచ్చి తిరిగి పోవాలి. అక్కడ ఒక నట్టు వదులైతే నిప్పు రాజుకుంటుంది. వోల్ట్ మీటరు చాలు. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 దగ్గర చూపుతుంది, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. పదిహేను దాటిందంటే రెగ్యులేటర్ పోయి బ్యాటరీ నీళ్లను మరిగిస్తోందన్న మాట. ఈ ఎక్కువ ఛార్జింగ్ సంగతి చాలా బండ్లలో బ్యాటరీ లైటు ఎప్పటికీ చెప్పదు, దానికి లేమి తప్ప అతి తెలియదు.

అయితే ఆ బ్యాటరీ లైటును పీకేయాలనుకునే వాళ్లు ఒక్క క్షణం ఆగాలి. మనవాళ్లు డైనమో అనే ఆల్టర్నేటర్‌కు స్టార్ట్ చేసిన వెంటనే తనంతట తాను కరెంటు పుట్టించే అయస్కాంతం సరిపడా ఉండదు. చాలా పాత బండ్లలో ఆ మొదటి చిటికెడు కరెంటు వెళ్లేది ఈ ఎర్ర బల్బు గుండానే. బల్బు తీసేస్తే, లేదా మాడిపోయినా పట్టించుకోకపోతే, డైనమో నిద్ర లేవదు. ఇంజను గట్టిగా రేజ్ చేస్తేనో, అదీ కొన్నిట్లోనే, లేస్తుంది. అందంగా ఉందని ఆ చోట ఎల్‌ఈడీ పెట్టినా ఇదే తంటా, దాని గుండా పోయే కరెంటు సరిపోదు. కొత్త బ్యాటరీ, కొత్త డైనమో మార్చినా ఛార్జింగ్ రాని బండి ఎవరి దగ్గరైనా ఉంటే, ఆ చిన్న బల్బు ఉందో లేదో ముందు చూడండి.

ముల్లు కూడా మోసం చేసే సందర్భం ఒకటుంది. హీట్ సెండర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా కొలుస్తుంది. కింది పైపు పగిలి నీళ్లన్నీ కారిపోతే సెండర్ చుట్టూ మిగిలేది గాలి, ఆవిరి. అప్పుడు ఇంజను కాలిపోతుంటే ముల్లు కిందికి దిగుతుంది. డ్రైవర్ చల్లబడిందని సంతోషిస్తాడు. ఎండలో, లోడు మీద, ఎత్తు ఎక్కుతుండగా హీట్ ముల్లు ఉన్నట్టుండి అరవైకి పడిపోయిందంటే అది శుభవార్త కాదు. వెంటనే పక్కకు ఆపి ఇంజను బంద్ చేయండి.

కొత్తగా ఆయిల్ మీటరు పెట్టినవాళ్లకు మొదటి వారంలోనే గుండె జారే దృశ్యం ఒకటి ఎదురవుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే నాలుగు, అయిదు కిలోలు చూపిన ముల్లు, మధ్యాహ్నం పరకాల చౌరస్తాలో ఆగేసరికి ఒక కిలోకు దిగుతుంది. కంగారు పడకండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఒత్తిడి ఎక్కువ, వేడెక్కి పలచబడ్డాక తక్కువ, పైగా ఆగి ఉన్నప్పుడు పంపు మెల్లగా తిరుగుతుంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే లేస్తే అంతా సవ్యమే. తొక్కినా లేవకపోతే, లేదా పోయిన నెల ఇదే చౌరస్తాలో ఒకటిన్నర ఉన్నది ఇప్పుడు ముప్పావుకు వచ్చిందంటే అప్పుడు మేస్త్రీ దగ్గరికి పోవాలి.

రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు బెల్లం, భక్తుల మాటలో బంగారం, వేసుకుని పోయే బండ్లలో ఈ మీటర్లకు అసలు పరీక్ష. దారిలో పస్రా దాటాక మొదలయ్యే వరసలో బండి అడుగులో అడుగేస్తుంది. ఎదురు గాలి ఉండదు, ఇంజనుతో తిరిగే ఫ్యాను నెమ్మదిస్తుంది, ముల్లు 90 నుంచి 95కు, 100కు పాకుతుంది. అలాంటప్పుడు బండి ఆగిన చోట న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ కొద్దిగా పట్టి ఉంచితే ఫ్యానూ, నీళ్ల పంపూ వేగం అందుకుంటాయి. చాలాసార్లు రెండు నిమిషాల్లోనే ముల్లు దిగుతుంది. అలా చేసినా 105 దాటి ఎక్కుతూనే ఉంటే వరస వదిలి పక్కకు తీయాలి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. కాగిన ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. బానెట్ ఎత్తి, అరగంటైనా ఆగి, మూత చేతికి చల్లగా తగిలాకే గుడ్డ వేసి తిప్పాలి.

మీటర్లు బిగించిన వారంలోనే ఒక చిన్న చీటీ రాసి డ్రైవర్ తల మీద ఎండ అడ్డుకు అంటించండి. చల్లటి స్టార్ట్‌లో ఆయిల్ ఎంత, రోడ్డు మీద ఎంత, వేడిగా ఆగినప్పుడు ఎంత, నీటి వేడి ఎంత, వోల్టులు ఎన్ని, రాసిన తేదీ, వేసిన ఆయిల్ గ్రేడు. రాత్రి పూట కనబడేలా మీటర్లలో బల్బు వెలుగుతోందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. కిరాయి బండికి డ్రైవర్లు మారుతుంటారు. కొత్తవాడికి తాళంచెవితో పాటు ఆ చీటీ చూపించండి, ఆయిల్ మార్చిన ప్రతిసారీ కింద ఇంకో వరస రాయించండి.